కదలనిచ్చి తిప్పండి

"ఆగిన బండికి స్టీరింగు తిప్పకండి మాస్టారూ. కాస్త కదలనిచ్చి తిప్పండి."

1991 వేసవిలో, ఏలూరులో ఒక మెకానిక్ షెడ్డు వెనక ఖాళీ స్థలంలో, నాకు కారు నేర్పినాయన చెప్పిన మొదటి మాట ఇది. క్లచ్చూ గేరూ ఆ తర్వాత వచ్చాయి. అప్పటికి నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. ఘర్షణ అంటే ఏమిటో బోర్డు మీద బాణాలు గీసి చూపించేవాణ్ణి. అయినా ఆ రోజు బండి నిలబడి ఉండగానే రెండు చేతులతో, పళ్ళు బిగించి స్టీరింగు తిప్పుతున్నాను. టైరు నేలని కరుచుకుని ఉంది. నేను నేలతో కుస్తీ పడుతున్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి ఈ ముక్క అన్నాడు. బ్రేకు మీంచి కాలు తీశాను. బండి ఒక్క అడుగు దొర్లింది. అదే స్టీరింగు ఇప్పుడు రెండు వేళ్ళకి లొంగింది. పాఠ్యపుస్తకంలో ఉన్న విషయమే. కాకపోతే నా భుజాలు పుస్తకం చదవలేదు.

1997లో కొన్న నా తెల్ల మారుతి 800 ఆ మాటని ఇప్పటికీ రోజూ గుర్తు చేస్తుంది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, పన్నెండు అంగుళాల చక్రాలు, బరువు 650 కిలోలకు కాస్త అటూ ఇటూ. పవర్ స్టీరింగు లేదు. అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. పొద్దున్నే చోక్ లాగాలి. పదిహేనేళ్ళు నిండిన దగ్గర్నుంచి ఫిట్‌నెస్ చేయించి, అయిదేసి ఏళ్ళకు రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ వస్తున్నాను. వచ్చే గడువు 2027. "ఇంకా ఎందుకండీ ఆ డబ్బా?" అని అడగని చుట్టం లేడు. మైలేజీ అంటాను, మా సందులో పార్కింగు అంటాను. రెండూ నిజమే గానీ నా కారణం అది కాదని నాకు తెలుసు. మరేమిటి? పాతదాని మీద ముసలివాడి మమకారమేనా? అంతే అయితే ఒప్పేసుకుని ఊరుకోవచ్చు. కానీ ఇరవై అయిదేళ్ళ కుర్రాళ్ళు కూడా ఒకసారి ఈ బండి నడిపి దిగుతూ ఏదో కొత్త సంగతి తెలిసినట్టు మొహం పెట్టడం చూశాను. వాళ్ళకి దీనితో జ్ఞాపకాలేం లేవు కదా.

పోయినేడాది మా అబ్బాయి పెద్ద కారు కొన్నాడు. పదిహేడు వందల కిలోల పైమాటే. ఒకరోజు దాన్ని తీసుకుని విజయవాడ బయల్దేరాను. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. లోపల దేవుడి గదంత నిశ్శబ్దం. హనుమాన్ జంక్షన్ దాటాక ఎక్కడో రోడ్డు పని జరుగుతోంది. పాత తెల్లగీత చెరపకుండానే పక్కన కొత్త గీత వేశారు. గీతలు చూసుకుంటూ తనే దారి సరిదిద్దుకునే ఆ కారు పాత గీతను నమ్మింది. నా చేతుల్లో ఉన్న స్టీరింగు మెల్లగా ఎడమకి లాగింది. మొరటుగా ఏం కాదు, పెళ్ళిలో పెద్దమనిషి మోచేయి పట్టుకుని "ఇటు దయచేయండి" అన్నట్టు. నేను నా వైపు లాక్కున్నాను, అది ఊరుకుంది. ప్రమాదమేమీ లేదు. అయితే విజయవాడ చేరి కారు దిగాక ఒక సంగతి తోచింది. అరవై కిలోమీటర్ల దారిలో నాకు గుర్తున్నది ఆ ఒక్క క్షణమే. రోడ్డు ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు, ఎక్కడ అతుకులేసి ఉంది, ఏదీ నాకు చేరలేదు. కారు ప్రయాణం చేసింది, నేను లోపల ఉన్నాను.

నా బండిలో అలా కుదరదు. కంకర మీదికి రాగానే స్టీరింగు జలదరిస్తుంది. ముందు టైరులో గాలి తగ్గితే ఆ పక్కకి బరువుగా వాలుతుంది. హైవే మీద బస్సు దాటిపోతుంటే దాని గాలికి బండి జానెడు పక్కకి జరుగుతుంది, ఆ జరగడం ముందు అరచేతికి తెలుస్తుంది, తర్వాతే కంటికి. అన్నిటికన్నా నాకు అబ్బురం మలుపు. మలుపులో చక్రాలు తిరిగి తిన్నగా వద్దామని చూస్తాయి. ఆ మొరాయింపు చేతికి బరువుగా తగులుతుంది. వేగం పెంచితే బరువు పెరుగుతుంది. టైరు పట్టు ఇక అయిపోవస్తోందనగా ఆ బరువు ఉన్నట్టుండి తగ్గుతుంది. టైరు నేలను తాకే మేరలో బలం పనిచేసే చోటు వెనకనుంచి ముందుకు జరగడం దీనికి కారణం. అంటే బండి జారకముందే చేతికి ఖాళీగా అనిపిస్తుంది. ఏ దీపం వెలగనక్కర్లేదు, ఏ గంట మోగనక్కర్లేదు.

ఫ్రెంచి తాత్వికుడు మెర్లో పాంటీ 1945లో వెలువరించిన తన పెద్ద గ్రంథంలో చూపులేని మనిషి చేతికర్ర గురించి రాశాడు. కర్ర అలవాటయ్యాక అది అతని చేతిలోని వస్తువు కాదు, స్పర్శ కర్ర కొస దాకా సాగుతుంది. అక్కడే కారు సంగతి కూడా ఎత్తుతాడు. అలవాటున్నవాడు ఇరుకు సందులోకి బండి పడుతుందా లేదా అని కొలవడు, తన ఒళ్ళు పడుతుందో లేదో తెలిసినట్టే తెలుసుకుంటాడు. ఇది చదివినప్పుడు నాకు పారిస్ గుర్తు రాలేదు, ఎడ్లబండి మీద కూర్చున్న మా తాత గుర్తొచ్చాడు. పగ్గం ఎప్పుడూ బిగించేవాడు కాదు, వదిలేసేవాడూ కాదు. "గుంజితే ఎద్దుకి కోపం, వదిలితే మనకి నిద్ర" అనేవాడు.

పగ్గం అంటే కఠోపనిషత్తులోని రథం గుర్తుకు రాక మానదు. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, బుద్ధి సారథి, మనస్సు పగ్గం. దీన్ని మనవాళ్ళు సాధారణంగా అదుపు గురించిన పాఠంగా చెబుతారు: గుర్రాలను పట్టి ఉంచు. నాకెప్పుడూ ఒక అనుమానం. పగ్గం సారథి మాట గుర్రానికి చేరవేయడానికేనా? గుర్రం మాట సారథికి చేరేది కూడా అదే తోలుముక్క గుండా కదా. గుర్రం అలిసిందో, బెదిరిందో, దారిలో గుంత చూసిందో చేతికి చెప్పేది పగ్గమే. మనస్సుని పగ్గంతో పోల్చిన ఋషి గుర్రపుబండి బాగా తోలినవాడే అయ్యుండాలి. పండితులు ఒప్పుకోకపోవచ్చు. నేను ఫిజిక్సు మాస్టారిని, నాకు ఆ వెసులుబాటు ఉంది.

పవర్ స్టీరింగు ఆ పగ్గాన్ని తెంచదు, వడగడుతుంది. ఇప్పటి కార్లలో స్టీరింగు కడ్డీ ఎంత మెలిపడిందో ఒక సెన్సరు కొలుస్తుంది, దాన్నిబట్టి కంప్యూటరు ఒక కరెంటు మోటారుకి ఎంత తొయ్యాలో చెబుతుంది. కాబట్టి మీ చేతికి ఎంత బరువు తెలియాలన్నది చాలావరకు ఒక ఇంజనీరు ముందే రాసిపెట్టిన లెక్క. కొన్ని కార్లలో "స్పోర్ట్" అనే మీట ఉంటుంది. అది నొక్కితే స్టీరింగు బరువెక్కుతుంది. రోడ్డు అదే, టైరు అదే, మలుపు అదే. ఇంజను శబ్దాన్ని లోపలి స్పీకర్లలో వినిపించే కార్లూ ఉన్నాయి. 2013లో వచ్చిన ఇన్ఫినిటీ క్యూ50 కార్లలో కొన్నింటిలో అయితే మామూలుగా నడిచేటప్పుడు స్టీరింగుకీ చక్రాలకీ మధ్య ఇనుప సంబంధమే ఉండదు, తీగల్లో సంకేతాలు పోతాయి. ఏదైనా పాడైతే మాత్రం ఒక క్లచ్చు పడి రెంటినీ కలుపుతుంది.

ముందు శ్రమ తీసేశారు. తర్వాత శ్రమ రుచిని డబ్బాలో పెట్టి తిరిగి అమ్ముతున్నారు. దీన్ని చూసి నవ్వుకోవచ్చు గానీ, నాకు ఇందులో ఒక సాక్ష్యం కనిపిస్తుంది. కొనేవాళ్ళకి అక్కర్లేనిదాన్ని ఏ కంపెనీ ఊరికే నకలు చేయదు. ప్రపంచం తన చేతికి కాస్త ఎదురు చెప్పాలని మనిషికి ఉంటుంది. ఎదురు లేనిచోట తాను ఉన్నట్టు కూడా అతనికి తెలియదేమో.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. ఎందుకంటే ఇదే దారిలో ఇంకో పేజీ రాస్తే కష్టపడటం గొప్ప అనే నీతి పాఠంలోకి వెళ్ళిపోతాను. అది అబద్ధం. మా మేనమామగారికి ఒక పాత పెద్ద కారు ఉండేది, పేరెందుకులెండి. దానికీ పవర్ స్టీరింగు లేదు. భీమవరం బజారులో దాన్ని వెనక్కి తిప్పాలంటే డ్రైవరు సీట్లోంచి సగం లేచి, స్టీరింగు మీద వేలాడేవాడు. రాత్రికి భుజాలకు అమృతాంజనం. ఆ బండిని తలుచుకుని ఆ డ్రైవరు ఏనాడూ కవిత్వం చెప్పలేదు. సాయం లేకపోవడమే ఆకర్షణ అయితే ఆ బండి మీద ఇంకా ఎక్కువ మోజు ఉండాలి. లేదు.

అయితే నా చేతికి నచ్చింది సాయం లేకపోవడం కాదు. సాయం అక్కర్లేనంత తేలికగా ఉండటం. ఈ రెంటికీ మధ్య తేడా నాకు తెలియడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

పవర్ స్టీరింగు కథ కూడా ఈ మాటే చెబుతుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు పియర్స్ యారో కంపెనీ లారీల వ్యవహారం చూసేవాడు. బరువైన లారీ తిప్పడానికి డ్రైవర్లు పడే అవస్థ దగ్గర మొదలై, 1926 నాటికి నూనె ఒత్తిడితో పనిచేసే స్టీరింగుని ఒక కారుకి బిగించి చూపించాడు. అందరూ మెచ్చుకున్నారు, ఖర్చు చూసి వెనక్కి తగ్గారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది మిలిటరీ బండ్లకు ఎక్కింది. బజారులో అమ్మే కారులోకి వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. లారీ, యుద్ధ వాహనం, ఆ తర్వాత విలాసపు పెద్ద కారు. సాయం పుట్టింది బరువుకోసం. న్యాయమైన సాయమే అది. లారీ డ్రైవరు భుజాన్ని ఆదుకున్నదాన్ని తప్పుపట్టే హక్కు, రోజుకి నాలుగు కిలోమీటర్లు నడిపే నాకు లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. సాయం వచ్చింది గనక బరువు పెరిగినా చేతికి తెలియదు. చేతికి తెలియదు గనక ఇంకాస్త పెంచవచ్చు. బరువు పెరిగితే టైరు వెడల్పవ్వాలి, బ్రేకులు పెద్దవవ్వాలి, ఇంజను పెద్దదవ్వాలి, వాటిని మోయడానికి చట్రం గట్టిపడాలి, అదంతా మళ్ళీ బరువు. ఇంట్లో సామాను పెరిగిందని పెద్ద ఇల్లు తీసుకుని, ఇల్లు బోసిగా ఉందని ఇంకొంత సామాను కొన్నట్టు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు "ఇది అవసరమా?" అనాలి. అనడానికి కారణం లేకుండా చేసేదే ఆ సాయం. బరువు నొప్పి రూపంలో రాకపోతే దాని సంగతి మనకెవరు చెబుతారు?

ఆ ప్రశ్నని గట్టిగా అడిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. సిట్రోయెన్ కంపెనీని నడిపిన పియర్ బులాంజే. 1930లలో ఫ్రాన్సు పల్లెల్లో ఇంకా గుర్రపుబండ్లే. ఆయన తన ఇంజనీర్లను కోరింది ఇది: చెక్కబూట్లు వేసుకున్న ఇద్దరు రైతులు, యాభై కిలోల బంగాళాదుంపలు పట్టాలి, గంటకి అరవై కిలోమీటర్లు పోవాలి, వంద కిలోమీటర్లకి మూడు లీటర్లు తాగాలి, దున్నిన పొలంలో నడిపినా బుట్టలో గుడ్లు పగలకూడదు. యుద్ధం అడ్డొచ్చి ఆ కారు 1948 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో జనానికి కనిపించింది. టూ సీవీ అని పేరు. 375 సీసీ ఇంజను, 9 హార్స్‌పవర్. విలేకరులు వెక్కిరించారు. కిటికీ అద్దం దిగదు, సగానికి మడతపడి పైకి లేస్తుంది. వైపర్లు స్పీడోమీటరు తీగతోనే తిరిగేవి, బండి నెమ్మదిస్తే అవీ నెమ్మదించేవి, ఆగితే చేత్తో తిప్పుకోవాలి. వానలో ఆగిన కారులో కూర్చుని వైపరు తిప్పుకుంటున్న రైతుని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. అయినా ఆ కారు 1990 దాకా తయారైంది.

ఆ జాబితాని నేను పిల్లలకు పాఠంలో చెప్పేవాణ్ణి, సిలబసులో లేకపోయినా. ఎందుకంటే అందులో "ఇంకా ఏం పెట్టగలం" అన్న ప్రశ్న లేదు. "ఎవరికోసం, ఏం మోయడానికి" అన్న ప్రశ్న ఉంది. గుడ్లు పగలకూడదన్నది విలాసం కాదు, ఆ రైతు భార్య సంతకి తీసుకెళ్ళే సరుకు అది. సౌఖ్యాన్ని బులాంజే కాదనలేదు. పొలం గట్టు మీద కూడా ఊపు తెలియని మెత్తని స్ప్రింగులు పెట్టించాడు. అక్కర్లేనిది తీసేయడానికి వెనకాడలేదు, అక్కరైనదానికి పిసినారితనం చూపలేదు. మన ఇళ్ళల్లో నానమ్మలు ఊరికి మూట కట్టేటప్పుడు ఈ లెక్కే వేసేవాళ్ళు.

ఇదంతా మా చెల్లెలికి ఫోనులో చెప్పాను. తను విశాఖపట్నంలో ఉంటుంది. యాభై రెండో ఏట కారు నేర్చుకుంది. కుడి భుజం బిగుసుకుపోయి చేయి సగానికి మించి లేవదు. తన కారుకి గేర్లు వాటంతటవే మారతాయి, స్టీరింగు గాలిలా తిరుగుతుంది. ఆ కారు వచ్చాకే తను ఎవర్నీ బతిమాలకుండా ఆసుపత్రికి వెళ్తోంది, ఒక్కతే సింహాచలం కొండ ఎక్కుతోంది.

"నీ తాత్వికత నా భుజానికి చెప్పన్నయ్యా," అంది. "ఉపనిషత్తు రథం అంటున్నావు. ఆ రథాల్లో ఆడవాళ్ళు సారథులుగా ఉన్నారా?"

"ఎందుకు లేరు, కైక ఉందిగా," అన్నాను. చీల ఊడిపోతే ఇరుసులో వేలు పెట్టి దశరథుడి రథం నిలబెట్టిన కథ మా ఇంట్లో అందరికీ వచ్చు.

"అదే నేననేది. నువ్వు పొగిడే బండంటే ఎవరో ఒకరు ఇరుసులో వేలు పెట్టాల్సిన బండి. ఆ వేలు మటుకు నీది కాదు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. గాంధీ యంత్రాలను దుయ్యబడుతూ 1909లో హింద్ స్వరాజ్ రాశాడు గానీ, తర్వాతి కాలంలో యంత్రాలన్నిటికీ వ్యతిరేకివా అని అడిగితే సింగర్ కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చాడు. చేత్తో కుట్టలేక భార్య పడే అవస్థ చూసి ప్రేమతో చేసిన యంత్రమని ఆయన కారణం. మనిషి అవయవాలను మొద్దుబార్చే యంత్రం మాత్రం వద్దన్నాడు. మంచి గీటురాయే. కానీ మా చెల్లెలి భుజం ముందే మొద్దుబారింది, యంత్రమే దాన్ని మళ్ళీ లోకంలోకి కదిలించింది. ఒకే మోటారు నా చేతిని నిద్రపుచ్చుతుంది, తన చేతిని లేపుతుంది. కాబట్టి మంచి యంత్రం, చెడ్డ యంత్రం అని జాబితా రాసే పని నేను మానుకున్నాను. ఒక్క మాట మాత్రం చెల్లెలితో అన్నాను: నీ బండి ఏడు వందల కిలోలే అయితే, నీకు కావలసిన సాయం ఇంతకన్నా చాలా చిన్న మోటారుతో సరిపోయేది. తను "అలాంటిది దొరికితే చెప్పు, కొంటాను" అంది. ఇప్పుడు దొరకదని ఇద్దరికీ తెలుసు.

ఎందుకు దొరకదు? ఇక్కడ నా బండి తప్పు కూడా చెప్పాలి. మారుతి 800 చివరి బండి 2014 జనవరి 18న ఫ్యాక్టరీ దాటింది. అదే నెలాఖరున గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో బాగా అమ్ముడుపోతున్న అయిదు చిన్న కార్లను గోడకి గుద్ది చూసి ఫలితాలు ప్రకటించింది. అయిదింటికీ పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలే. అవన్నీ నా బండి తర్వాతి తరం కార్లు. ఎయిర్‌బ్యాగులు, గట్టి తలుపులు, జారకుండా ఆపే బ్రేకులు, అన్నీ బరువే, అన్నీ ప్రాణం కాపాడేవే. తేలికదనం గురించి నేను రాసే అందమైన వాక్యాలను ఆ గోడ ఒప్పుకోదు.

లెక్క కూడా ఒప్పుకోదు. నలుగురితో నా బండి తొమ్మిది వందల కిలోలు, అబ్బాయి కారు రెండు వేలు. ఒకే వేగంలో దాని శక్తి నాదానికి రెండింతలు మించి ఉంటుంది. రెండూ ఎదురెదురుగా గుద్దుకుంటే వేగం ఎక్కువగా మారేది తేలికదానికే. లోపలి మనిషికి తగిలే దెబ్బ ఆ మార్పే. అందుకే ఎదుటివాడి బరువుకి జడిసి ప్రతివాడూ ఇంకాస్త బరువు కొంటున్నాడు. తప్పుపట్టలేను. మనవరాలు ఎక్కితే నేనే నా బండిని హైవే మీదికి తియ్యను, అబ్బాయి కారు తాళాలు అడుగుతాను. ఆ రోజు నా పగ్గమూ ఉపనిషత్తూ ఇంట్లోనే ఉంటాయి. కానీ ఈ పరుగులో అందరికన్నా తేలికైనవాడు ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. సైకిలు మీద పాలు వేసేవాడు, రోడ్డు దాటే ముసలమ్మ. వాళ్ళు కొనుక్కోగల బరువు ఏదీ లేదు.

తేలికదనం ఒక మనిషి సుగుణం అని చాలాకాలం అనుకున్నాను. కాదు. అది నలుగురూ కూడి చేసుకోవలసిన ఒప్పందం. జపాన్‌లో 1949 నుంచీ చిన్న కార్లకి వేరే చట్టం ఉంది. ఇప్పటి హద్దులు: పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సీసీ. ఆ గీతలోపు ఉన్నవాళ్ళకి పన్ను తక్కువ. వాటిలో ఇప్పుడు పవర్ స్టీరింగులూ ఉన్నాయి, ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి, మా చెల్లెలు సుఖంగా నడపవచ్చు. ఎవరో కూర్చుని గీత గీశారు, అంతే. మన దగ్గర కూడా నాలుగు మీటర్ల లోపు కార్లకి పన్ను తగ్గించారు. కంపెనీలు పొడవు తగ్గించి ఎత్తు పెంచాయి. బరువు మాట ఎవరూ ఎత్తలేదు.

నేను మటుకు 2027లో ఈ బండిని ఇంకోసారి ఫిట్‌నెస్‌కి తీసుకెళ్తాను. పాసయితే ఊళ్ళో తిరుగుతాను, కూరగాయలకీ లైబ్రరీకీ. మీరు ఈసారి కారు కొనడానికి వెళ్తే ఒక పని చేయండి. షోరూములో అబ్బాయి పైకప్పు తెరిచి ఆకాశం చూపిస్తుంటాడు, ఆపి, "బాబూ, దీని బరువెంత?" అని అడగండి. అతను తెల్లమొహం వేస్తాడు. కసరకండి, కాసేపు ఆగండి. ఫోనులో వెతికి చెబుతాడు.